గేటుకీ మెట్టుకీ మధ్య

జాకెట్లు లెక్కపెట్టుకుంటూ కట్టిన ఇల్లు.
కట్టగా మిగిలింది
గేటుకీ మొదటి మెట్టుకీ మధ్య
తొంభై అంగుళాల నేల.
మెడలో వేలాడే టేపుతోనే కొలిచాను.
గుణుపురంలో సగం ఊరి భుజాల కొలతలు తెలిసినదాన్ని,
నాకంటూ కొలుచుకున్నది ఇదే మొదలు.

మట్టి కాదది.
మేస్త్రీ వదిలేసిన సున్నం, పెంకు ముక్కలు, సిమెంటు గోనెల దారం.
గునపం దించితే ఖణేల్మంది.
వంశధార ఇసక రెండు తట్టలు,
పక్కింటి కుంతలా మావుసి పాకలోంచి మాగిన పేడ మూడు తట్టలు
కలిపి, తడిపి, పది రోజులు
రోజూ వేలు పెట్టి చూశాను,
పిండి పులిసిందా అని చూసినట్టు.

సలహాలు మాత్రం నీళ్లు పోయకుండానే మొలిచాయి.
"కరేపాకెయ్యి, రోజూ పనికొస్తాది."
"మునగైతే రెండో ఏడే కాపు."
"తులసి లేని వాకిలేటి, ఓలమ్మ!"
పాతపట్నం నుంచి మా ఆడబిడ్డ దాలమ్మ
ఉసిరి, నిమ్మ, సపోటా, అరటి
ఫోనులోనే నాటేసి, నీడకి కుర్చీ కూడా వేయించింది.

నేనేమీ అనలేదు.
ముప్పై ఏళ్లుగా నా మిషను కింద
పనికిరానిదేదీ నిలవలేదు.
కత్తిరించిన పీలికలు దిండులోకి,
ఊడిన గుండీ ఇంకో చొక్కాకి,
ఆఖరికి విరిగిన సూది కూడా ముగ్గు డబ్బా బెజ్జాలకి.
ఇంత పొదుపులో నలిగిన మనిషికి
ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి
కూరకీ మందుకీ పూజకీ అక్కర్లేని మొక్క కావాలనిపించింది.
పైకి అంటే దుబారా అంటారు.
మెడలో టేపు తియ్యడం కూడా మరిచి
సంతకి ఒక్కదాన్నే వెళ్లాను.

చీపుర్లూ పసుపు కొమ్ములూ దించుకున్న సవర ఆడాళ్ల పక్కన
కడియం నుంచి వచ్చిన మొక్కలు,
నల్ల కవర్లలో, లారీ కుదుపు ఇంకా దిగని తలలతో.
"గంగశివుళి నిఅంతు, మావుసి" అన్నాడు బృందాబన.
ఆకు గరుకు తడిమితే మా పారిజాతమే.
"టగర" అన్నాడు, నందివర్ధనాన్ని చూపించి.
"మందార" అన్నాడు.
దానికి మాత్రం రెండు భాషలూ
బేరమాడకుండా ఒకే పేరు పెట్టుకున్నాయి.
అన్నీ దేవుడి వాటా పూలే. పక్కన పెట్టించాను.

మూలన, ఎవరూ అడగని క్రోటను.
పసుపు మీద ఆకుపచ్చ చిలకరింపు,
అంచుకి ఎర్ర పైపింగు,
ఒక ఆకు ఇంకో ఆకుతో మ్యాచ్ కాదు.
నా షాపులో అయితే గుడ్డ వెనక్కి ఇచ్చేస్తారు.
"పూస్తాదా?"
"పూస్తాది గానీ, ఎవళ్లూ చూడరు."
"కాయ?"
"ఉన్నా లెక్కలోకి రాదు. మేక కూడా ముట్టదు మావుసి, దేనికీ పనికిరాదు"
తప్పు ఒప్పుకుంటున్నట్టు అన్నాడు పాపం.
అరవై రూపాయలు.
ఎంతకిస్తావు అనకుండా కొన్న మొదటి వస్తువది.

నాటుతుంటే కుంతలా మావుసి గోడ మీంచి తొంగి చూసింది.
"ఏహాకు కణ కరిబు?" దీన్నేం చేసుకుంటావని.
"దేఖిబి" అన్నాను.
చూస్తాను.
అంతే. మిషను మీంచి తల ఎత్తినప్పుడల్లా.

కొత్త ఆకు విప్పింది మొన్న.
నిన్న కొలతలకొచ్చిన కాలేజీ పిల్ల
దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని
"ఈ అంచు ఎరుపులో పైపింగు వేస్తారా ఆంటీ?" అంది.
సరిగ్గా ఆ ఎరుపే
డ్రాయర్లో రెండు మీటర్లుంది.

"ఆ రంగు దొరకదమ్మా" అన్నాను.